రెండు బోర్డుల డాక్టరమ్మ

ప్రభుదాసు ఆ పొరను ఫోర్సెప్స్‌తో పట్టుకుని మెల్లగా వంచాడు. వంగలేదు. ఇంకాస్త వంచాడు. అప్పడం విరిగినట్టు పుటుక్కున విరిగింది.

"ముప్పై నెలల కిందట మేక కడుపులో పెట్టినప్పుడు ఇది పట్టుగుడ్డలా మెత్తగా ఉందండీ. ఇప్పుడు చూడండి," అన్నాడు.

నిర్ఝర ల్యాబ్స్ బోర్డు గదిలో ఉన్న డైరెక్టర్లంతా మెడలు సాచి చూశారు. డాక్టర్ దువ్వు వరహాలమ్మ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. విరిగిన చప్పుడే ఆవిడకు చాలింది.

ప్రభుదాసు రెండో గాజు పళ్ళెంలోంచి ఇంకో పొర తీశాడు. దాన్ని రుమాలు మడిచినట్టు నాలుగు మడతలు పెట్టి వదిలాడు. అది మళ్ళీ సాఫీగా పరుచుకుంది.

"ఇదీ ముప్పై నెలలదే. దీనికి ఆరు నెలలకోసారి మన మందు ఎక్కించాం. మాది కొల్లేటి ఊరు కదండీ. మా అమ్మ బొమ్మిడాయి చేపలు తోముతుంటే ఆ జిగురు అంటిన చేతి మీద ఏదీ నిలిచేది కాదు. అదే గుర్తొచ్చింది. ఆ జిగురులోని ప్రొటీనే ఈ మందు."

బల్ల మీద ఉన్న పరికరం అరచేతిలో పట్టేంత సంచీ. లోపల పట్టుదారంతో నేసిన పొరలు, ఆ పొరల మీద రోగి సొంత కిడ్నీ నుంచి తీసి పెంచిన కణాలు. పక్కటెముకల కింద అమరిస్తే గుండె తోసే రక్తమే దాంట్లోంచి వడకట్టుకుని పోతుంది. యంత్రం అక్కర్లేదు, వారానికి మూడుసార్లు సూదులు అక్కర్లేదు. నిర్ఝర దీన్ని ఇంకా మనుషులకు పెట్టలేదు. ఉద్దానం బావుల నీళ్ళే తెప్పించి తాగించిన మేకల్లో పెట్టి చూస్తోంది. ఆ నీళ్ళు తాగిన ఒంట్లో రక్తం ఏదో మోసుకొచ్చి పొర మీద పెచ్చు కడుతోంది.

"మేకలన్నిటికీ ముప్పై నెలలేనా?" అని అడిగింది వరహాలమ్మ.

"ఒకటి రెండిటికి ఇరవై ఎనిమిదిలోనే గట్టిపడిందండీ. ముప్పై ఒకటి దాటి మెత్తగా ఉన్నది ఒక్కటీ లేదు."

మందుతో సహా తమ కిడ్నీని పధ్నాలుగు నెలల తర్వాత విడుదల చేయాలని బోర్డు తీర్మానించింది. అంతవరకూ ఈ సంగతి గది గడప దాటకూడదని ప్రభుదాసు చెప్పాడు. అందరూ తలూపారు. వరహాలమ్మ గ్లాసు తీసుకుని నీళ్ళు తాగింది.

ఆ గదిలో ఎవరికీ తెలియనిది ఆవిడకొక్కదానికే తెలుసు. ఋషికొండకు అవతలి వైపున్న ధారణ బయోసిస్టమ్స్ వాళ్ళ కిడ్నీలో ఉన్నది కూడా ఇదే పట్టుదారం, ఇదే నేత. ఆ సంగతి ధారణ వాళ్ళు ప్రాణంలా దాచుకున్నారు. ఆ కిడ్నీ మేకల్లో లేదు. ఉద్దానంలో పదకొండు వందల నలభై మంది ఒంట్లో ఉంది. అందరికంటే ముందు పెట్టించుకున్న మనిషికి ఇరవై ఎనిమిది నెలలు నిండాయి. ఆవిడ తమ్ముడు లోకనాథానికి ఇరవై ఆరు.

ఒకే రకం సరుకు చేసే రెండు కంపెనీల బోర్డుల్లోనూ ఒకే మనిషి కూర్చోకూడదని చట్టం. అది అందరికీ తెలిసినదే. కానీ బతికున్న కణాలతో అవయవాలు చేసే కంపెనీలు వచ్చాక ప్రభుత్వం ఇంకో నియమం పెట్టింది. అలాంటి ప్రతి బోర్డులోనూ ఆ రోగులకు వైద్యం చేసే డాక్టరు ఒకరుండాలని. ఉద్దానం జనాన్ని వెళ్ళి అడిగితే వాళ్ళు చెప్పింది ఒక్కటే పేరు. కవిటి దగ్గర పల్లెలో పుట్టి, తల్లినీ తండ్రినీ ఆ కిడ్నీ జబ్బుకే పోగొట్టుకుని, ముప్పయ్యేళ్ళుగా ఆ జబ్బు వెంటే తిరుగుతున్న డాక్టరమ్మ పేరు. రెండు కంపెనీలూ ఆవిడే కావాలన్నాయి. ప్రభుత్వం చాలా రోజులు తటపటాయించి, చివరికి ప్రత్యేక అనుమతి ఇచ్చింది. రెండు చోట్లా ఆవిడ చేత ప్రమాణపత్రం రాయించుకుంది. ఒక గదిలో విన్నది ఇంకో గదికి మోస్తే డాక్టరు పట్టా పోతుంది, జీవితంలో మళ్ళీ ఏ బోర్డులోనూ కూర్చునే వీలుండదు.

ఐదేళ్ళుగా వరహాలమ్మ ఆ మాట నిలబెట్టుకుంది. ఏ కంపెనీ వాటా ఒక్కటి కూడా తీసుకోలేదు. ఒకసారి ధారణ చైర్మన్ రామభద్రరాజు కాఫీ తాగుతూ, "అవతల వాళ్ళు ఏం వండుతున్నారేంటి డాక్టరుగారూ?" అని సరదాగా అన్నట్టు అడిగాడు. "ఇటొస్తే అటు సంగతి గుర్తుండదు, అటెళితే ఇటు సంగతి గుర్తుండదు. వయసు మీద పడుతోంది కదా రాజుగారూ," అని నవ్వేసి కాఫీ పూర్తి చేసింది. అప్పటి నుంచి ఆయన ఆవిడ వస్తే లేచి నిలబడేవాడు.

ఆ శుక్రవారం మీటింగు ముగిశాక ప్రభుదాసు లిఫ్టు దగ్గర ఆవిడను ఆపాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని చిన్న ఐసు డబ్బా ఒకటి చేతికిచ్చాడు.

"ఏంటిది?"

"మీరేమీ చెప్పొద్దు మేడం. నేనేమీ అడగను. నేను ముప్పై నెలలు అనగానే మీ మొహం ఎలా అయిపోయిందో చూశాను. మీ తమ్ముడిగారికి ధారణ కిడ్నీ ఉందని నాకు తెలుసు. ఇది ఒక్క మనిషికి సరిపోతుంది. ఇవ్వండి. నేనిచ్చానని ఎవరికీ తెలియక్కర్లేదు."

"మిగతావాళ్ళకో?"

ప్రభుదాసు తల దించుకున్నాడు. "మా చిన్న జాడీల్లో పన్నెండు మేకలకు సరిపడా మందు తయారు కావడానికే నాలుగు నెలలు పట్టిందండీ. బయటికి చెప్పినా చెయ్యలేను. చెబితే మాత్రం రేపే ధారణ వాళ్ళు లాక్కుపోతారు. అరవై మంది పిల్లలు ఎనిమిదేళ్ళు ఇక్కడ తిండీ నిద్రా మానుకుని పనిచేశారు. వాళ్ళకు నేనేం చెప్పను?"

అతను చెడ్డవాడు కాదు. ఆ సంగతి వరహాలమ్మకు తెలుసు. అందుకే ఆవిడకు ఇంకా కష్టమైంది. డబ్బా తీసుకుని లిఫ్టు ఎక్కింది.

*

ఆదివారం పొద్దున్నే ఆవిడ ఊరికి వెళ్ళింది. లోకనాథం ఇంటి వసారా అప్పటికే నిండిపోయింది. నెలకొక ఆదివారం ఆవిడ వచ్చి కూర్చుంటే చుట్టుపక్కల పల్లెల వాళ్ళు వచ్చి చూపించుకుంటారు. అందరికీ కుడి డొక్క కింద బెత్తెడు మచ్చ. ఆ మచ్చలున్న వాళ్ళంతా ఇప్పుడు కొబ్బరి దింపుతున్నారు, జీడిపిక్కలు కొడుతున్నారు, పెళ్ళిళ్ళకు వెళుతున్నారు. రెండేళ్ళ కిందట వీళ్ళలో సగం మంది మంచం మీద ఉన్నవాళ్ళే.

ఒక్కొక్కరి కాళ్ళు నొక్కి చూసింది, రక్తం తీసి పట్టీల మీద పరీక్షించింది. అందరూ బాగానే ఉన్నారు. ముందు పెట్టించుకున్న వాళ్ళలో నలుగురికి మాత్రం చీలమండ దగ్గర వేలు నొక్కితే చిన్న గుంట పడి, నెమ్మదిగా పూడింది. నాలుగో మనిషి లోకనాథం.

మధ్యాహ్నం అందరూ వెళ్ళాక మరదలు డిల్లెమ్మ పళ్ళేలు పెట్టింది. తమ్ముడికి ఉప్పు తగ్గించిన పనసకాయ కూర విడిగా వడ్డించింది.

"ఏటి వదినా, సరిగ్గా తినట్లేదు? కూర బాగా లేదేటి?"

"బాగుంది."

లోకనాథం అక్క మొహం చూసి అన్నం కలపడం ఆపాడు. నారమిల్లులో కొబ్బరి పీచు తీసే మనిషి. బళ్ళో ఏడో తరగతితో ఆగిపోయాడు గానీ అక్క మొహం చదవడంలో పండితుడు.

"అప్పా, ఏటయ్యింది? సెప్పీ."

వరహాలమ్మ ఇంట్లో ఉన్నప్పుడు ఊరి మాటే మాట్లాడుతుంది. "ఏటీ లేదురా. ఒకటడుగుతాను, ఆలోసించి సెప్పు. ఒక మందుందనుకో. ఒక్క మనిసికే సరిపోద్ది. కావాల్సినోళ్ళు సానామంది. అది నీ సేతికొస్తే ఏటి సేస్తావు?"

లోకనాథం రెండు ముద్దలు తిన్నాడు. మంచినీళ్ళు తాగాడు.

"నాకేటో అయినాదనుకుంటన్నావు. అంతేనా?"

"అవునో కాదో నాకు తెలీదు."

"అప్పా, మా డయాలసిస్ రోజుల్లో మేం పదకొండుమందిమి ఒకే బస్సెక్కి సోంపేట ఎల్లేవోళ్ళం. సీటొకటే ఉంటే ఎవుడికి బాగా నీరసంగుంటే ఆడు కూకునేవోడు. నాను డాక్టరమ్మ తమ్ముడినని ముందు కూకోలేదు. ఇప్పుడు మాత్రం ఎలగ కూకుంటాను? రేపు ఆలెదురొస్తే ఎటు సూడాల?"

గది మూలన ఐసు డబ్బా ఉంది. దాన్ని ఆవిడ మళ్ళీ ముట్టుకోలేదు. కానీ ఇంకో మాట చెప్పాల్సి ఉంది. దానికి ఈ జవాబు కంటే పెద్ద గుండె కావాలి.

మేక వేరు, మనిషి వేరు. మేకల్లో గట్టిపడినంత మాత్రాన మనుషుల్లోనూ గట్టిపడుతుందని చెప్పలేం. ఒక్క మనిషి పొరనైనా కళ్ళారా చూడాలి. అది మెత్తగా ఉంటే ఎవరి రహస్యమూ ఎవరికీ చెప్పక్కర్లేదు, పదకొండు వందల ఇళ్ళలో భయం పెట్టక్కర్లేదు. గట్టిపడుతూ ఉంటే ఇక దాచడానికి ఏమీ లేదు. చూడాలంటే కడుపు తెరిచి పొర అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించాలి. కత్తిరించిన చోట అతకకపోతే ఆ కిడ్నీయే పోతుంది.

ముక్క కత్తిరించే సంగతీ, కిడ్నీ పోయే ప్రమాదమూ ఆవిడ దాచకుండా చెప్పింది. ఎందుకు అనుమానం వచ్చిందో మాత్రం చెప్పలేదు.

డిల్లెమ్మ గరిటె కింద పెట్టేసింది. "అంతమందుంటే మా ఇంటి మనిసే దొరికినాడేటి వదినా నీకు? రెండేళ్ళ బట్టే ఈయన నిండా అన్నం తింటన్నాడు. పిల్లకి నిరుడే పెళ్ళి సేసినాం. మళ్ళీ ఆ సూదులేటి, ఆ బస్సులేటి. నా వల్ల కాదు. నువ్వు ఇంకెవుర్నయినా అడుగు."

"ఇంకొకరింటికెళ్ళి అడగడానికి నాకు నోరెలగొస్తాది డిల్లెమ్మా?" అంది వరహాలమ్మ. అంతకు మించి ఒక్క మాట కూడా బతిమాలలేదు.

డిల్లెమ్మ పెరట్లోకి వెళ్ళిపోయింది. లోకనాథం చెయ్యి కడుక్కుని ఆమె వెనకే వెళ్ళాడు. వాళ్ళిద్దరూ నూతి దగ్గర ఏం మాట్లాడుకున్నారో వరహాలమ్మకు వినబడలేదు. అరగంట తర్వాత డిల్లెమ్మ ఒక్కతే లోపలికొచ్చి, భర్త బట్టలు రెండు జతలు సంచిలో సర్దింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాను కూడా వస్తాను. ఆపరేసను గది బయట కూకుంటాను. నువ్వు ఆ తలుపు కాడే నిల్సుండాల," అంది.

*

మంగళవారం ముక్క తీశారు. వరహాలమ్మ మరదలికిచ్చిన మాట ప్రకారం తలుపు దగ్గరే నిలబడింది. కోసింది ఆవిడ శిష్యుడైన సర్జను. గాజు పలక మీద పెట్టిన ఆ గోరంత ముక్కను ఆవిడ సూదిమొనతో తాకి చూసింది. మధ్యలో మెత్తగానే ఉంది. అంచున మాత్రం ఇసుక తగిలినట్టు గరుకుగా ఉంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే పెచ్చు తెల్లగా, పలచగా, మేకల పొరల ఫోటోల్లో చూసినట్టే ఉంది.

కత్తిరించిన చోట అతికేదాకా చూద్దామని వరహాలమ్మ నాలుగు రోజులు తమ్ముడి మంచం దగ్గరే ఉండిపోయింది. శనివారానికి కిడ్నీలో ఆ చోట రక్తం గడ్డకట్టింది. తీసేయక తప్పలేదు. ఆదివారం పొద్దున్న అతను మళ్ళీ డయాలసిస్ యంత్రం పక్కన పడుకున్నాడు.

ఆ ఉదయమే వరహాలమ్మ జీవావయవ నియంత్రణ మండలికి ఉత్తరం పంపింది. తను రెండు ప్రమాణాలనూ ఈ రోజు ఉల్లంఘించబోతున్నాననీ, ఎవరూ తనను ప్రేరేపించలేదనీ, విచారణకు సిద్ధంగా ఉన్నాననీ సొంత దస్తూరీతో రాసింది. ఆ తర్వాత రామభద్రరాజుకూ ప్రభుదాసుకూ విడివిడిగా ఫోన్ చేసి, పదకొండు గంటలకు తన వార్డుకు రమ్మంది.

ఇద్దరూ వార్డు గుమ్మంలో ఎదురుపడి ఆగిపోయారు. ఐదేళ్ళుగా ఒకరి ఫోటో ఒకరు పేపర్లో చూసుకోవడమే తప్ప ఒక గదిలో కలిసింది లేదు.

"లోపలికి రండి. వీడు మా తమ్ముడు లోకనాథం. ఈవిడ వీడి భార్య. వీళ్ళ ముందే మాట్లాడదాం," అంది వరహాలమ్మ.

బల్ల మీద గాజు పలక, మూత తీయని ఐసు డబ్బా, రెండు రాజీనామా కవర్లు ఉన్నాయి.

"రాజుగారూ, మీ పొర ముప్పై నెలలకు గట్టిపడి పనిచెయ్యడం మానేస్తుంది. ఇది వీడి ఒంట్లోంచి తీసిన ముక్క. ప్రభుదాసుగారి పొర కూడా అంతే, ఎందుకంటే రెండిటిదీ ఒకే దారం, ఒకే నేత. దానికి విరుగుడు ఆయన కనిపెట్టారు. ఇప్పుడు నేను మీ రహస్యం ఆయనకు చెప్పాను, ఆయన రహస్యం మీకు చెప్పాను. రెండూ నేరాలే. ఒప్పుకుంటూ మండలికి రాసేశాను."

రామభద్రరాజు మొహం జేవురించింది. "మీరా? మీరు చేశారా ఈ పని? మా సొంత మనుషుల కన్నా మిమ్మల్ని నమ్మాను నేను!"

"నమ్మారు. అందుకే మీ మొహం చూసి చెబుతున్నాను."

ప్రభుదాసు పాలిపోయిన మొహంతో డబ్బా వైపు చూస్తున్నాడు. "మేడం, ఇది మీరు వాడలేదా? వాడి ఉంటే..."

"వాడి ఉంటే వీడొక్కడు బాగుండేవాడు."

"కేసు వేస్తాను," అన్నాడు రాజు. "మీ మీదా, వీళ్ళ మీదా. ఒక్క ముక్క పట్టుకొచ్చి నా కిడ్నీ పనికిరాదంటే..." అంటూనే గాజు పలకను చేతిలోకి తీసుకున్నాడు. మొదట్లో పట్టుపొరలు నేసిన ఇంజినీరు ఆయన. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముక్కను వెలుతురుకు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆయన గొంతులో కోపం లేదు. "మొదటి పేషెంటుకి ఎన్నాళ్ళుంది?"

"రెండు నెలలు."

మంచం మీద నుంచి లోకనాథం తల కొంచెం ఎత్తాడు. "బాబూ, మీరు కేసులు తరవాత ఏసుకోండి. ఆ కిడ్నీ ఎట్టి నాకు రెండేళ్ళు మంచి బతుకిచ్చినారు, మీ ఇద్దరి సదువుకీ దండం. కానీ అందరికన్నా ముందు ఎట్టించుకున్నోడు మా పెదకోజ్జ ఊరి పాపారావు, ఆడికి ముందు సెప్పాల. ఆడు రేపో మాపో పడవెక్కి సముద్రం మీద కెల్తాడు. అక్కడ పడిపోతే ఎవులున్నారు?"

ప్రభుదాసు మంచం దగ్గరికి వచ్చాడు.

"మందు ఇస్తానండీ," అన్నాడు. "ఇస్తాను. కానీ పదకొండు వందల మందికి ఎలా చేస్తాను? నా దగ్గర జాడీలున్నాయి, ట్యాంకులు లేవు."

రాజు వరహాలమ్మ వైపు ఒక్కసారి చూశాడు. ఆ తర్వాత ప్రభుదాసు వైపు తిరిగాడు.

"అచ్యుతాపురంలో మా ట్యాంకులు నాలుగు ఖాళీగా ఉన్నాయి. ఒక ఇంజెక్షన్ ప్రాజెక్టు చెడిపోయి మూసేశాం. బయట ఎవరికీ తెలీదు. ఈవిడకు తెలుసు. మీకు చెప్పిందా?"

"లేదండీ."

"చెప్పలేదు," అన్నాడు రాజు తనలో తను అనుకున్నట్టు. "అది నేనే చెప్పాలని ఉంచింది." ఆయన కుర్చీ లాక్కుని ప్రభుదాసు ఎదురుగా కూర్చున్నాడు. "సరే, చెప్పండి. మీ జిగురు ఎంత వేడిలో చెడిపోతుంది?"

డిల్లెమ్మ లేచి ఇద్దరికీ టీ తేవడానికి వెళ్ళింది.

*

ఏడు వారాల్లో మందు సిద్ధమైంది. ఆ ఏడు వారాలూ నిర్ఝర పిల్లలు ధారణ ట్యాంకుల దగ్గరే పడుకున్నారు. ధారణ సేల్స్ మనుషులు మోటారు సైకిళ్ళ మీద ఉద్దానమంతా తిరిగి ఒక్కొక్క రోగినీ వెతికి పట్టుకున్నారు. పాపారావును బారువ తీరంలో పడవ దిగుతుండగానే ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

అయినా అందరికీ సమయానికి అందలేదు. తొమ్మిది మందికి మందు రాకముందే పొర బిగుసుకుపోయింది. వాళ్ళలో ఏడుగురు డయాలసిస్‌కు తిరిగి వెళ్ళారు. ఇద్దరు పోయారు. ఒకరు మందస దగ్గర బడిలో అన్నం వండే జయంతమ్మ.

వరహాలమ్మ ఆ ఇంటికి వెళ్ళింది. ప్రభుదాసు పొర విరిచిన శుక్రవారం నుంచి తను నోరు విప్పిన ఆదివారం దాకా తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులు ముందే చెప్పి ఉంటే జయంతమ్మకు మందు అంది ఉండేదేమో. ఆ మాట ఆమె భర్తకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన విన్నాడు. లోపలికి వెళ్ళాడు. కాసేపటికి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆవిడ ముందు పెట్టి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. క్షమించానని అనలేదు. ఆవిడా అడగలేదు.

విచారణ నాడు మండలి భవనం ముందు నాలుగు బస్సుల జనం దిగారు. పదివేల సంతకాల అర్జీ పట్టుకొచ్చారు. వరహాలమ్మ దాన్ని లోపలికి పంపనివ్వలేదు.

"నేను ప్రమాణం చేశాను, తప్పాను. అది తప్పు కాదని వదిలేస్తే రేపు ఇంకెవరో లాభం కోసం ఇలాగే తప్పి నా పేరు చెబుతారు. నాకు రాసిపెట్టిన శిక్ష వెయ్యండి. ఆ ప్రమాణపత్రం మాత్రం మార్చండి," అని మండలి ముందు చెప్పింది.

ఐదేళ్ళ పాటు వైద్యం చేయకూడదని తీర్పు వచ్చింది. బోర్డుల్లో జన్మలో కూర్చోకూడదు. ఆ తీర్పు కిందే ఇంకో రెండు వాక్యాలున్నాయి. రోగి ప్రాణానికి ముప్పు తెచ్చే సంగతి ఇక మీదట ఏ బోర్డులోనూ రహస్యం కాదు. జీవావయవాలు చేసే ప్రతి కంపెనీ బోర్డులోనూ రోగులు ఎన్నుకున్న మనిషి ఒకరుండాలి, పోటీ కంపెనీలైనా సరే ఆ ఒక్క మనిషే రెండిట్లోనూ ఉండొచ్చు.

ఆవిడ పట్టా కాగితం గోడ మీద నుంచి దించి మండలి గుమాస్తా చేతిలో పెట్టిన రోజు, రామభద్రరాజు గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. అలవాటు ప్రకారం చేతులు కట్టుకుని, ఆవిడ కారెక్కేదాకా.

రోగులు ఎన్నుకున్నది లోకనాథాన్ని. అతను ఎంత వద్దన్నా వినలేదు.

మొదటి మీటింగు ధారణలో. డయాలసిస్ లేని రోజు చూసుకుని పెట్టించారు. అక్క కొనిచ్చిన తెల్ల చొక్కా వేసుకుని, ఎడమచేతి పట్టీ కనబడకుండా పొడుగు చేతులు దించుకుని లోకనాథం లోపలికి వెళ్ళాడు. వరహాలమ్మ బయట సోఫాలో కూర్చుంది. గాజుగోడ అవతల ఎవరో తెర మీద గీతలు చూపిస్తూ ఇంగ్లీషులో దంచేస్తున్నట్టున్నారు. పావుగంట తర్వాత లోకనాథం చెయ్యెత్తాడు. ఏదో అన్నాడు. రాజు చేతిలోని రిమోటు కింద పెట్టి, తెర ఆర్పించి, కుర్చీ అతని దగ్గరికి జరుపుకున్నాడు. మిగతావాళ్ళూ జరిగారు. ఆ తర్వాత రెండు గంటలు వాళ్ళు చేతులు తిప్పుతూ మాట్లాడుకోవడమే కనబడింది.

బయటికి వచ్చేసరికి లోకనాథం చొక్కా చెమటతో తడిసిపోయింది. మొహం మాత్రం వెలిగిపోతోంది. వరహాలమ్మ ఆత్రంగా లేచింది.

"ఏటయ్యిందిరా? ఏటి సెప్పినారు? కొత్త పొర సంగతా?"

లోకనాథం అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"సెప్పకూడదంటప్పా. సంతకం ఎట్టీసినాను."

ఆవిడ తెల్లబోయి చూసింది.

"ఎవుల పేనానికైనా సంబంధించిందైతే సెప్పీవోడినే," అన్నాడతను బుజ్జగిస్తున్నట్టు. "ఇది కాదు మరి."

వరహాలమ్మకు నవ్వు ముంచుకొచ్చింది. ఎన్ని నెలలైందో అలా నవ్వి. సోఫా చెయ్యి పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.